పోశం ఫ్లాష్, సారక్క కెమెరా

సారక్కకు కెమెరా పట్టడం ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్ళు చీకటి గదిలో మొగుడు తెచ్చిన రీళ్ళు కడిగింది. నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దింది. ఎండిన ఫోటోల అంచులు కత్తిరించింది. ఏ ముఖం మీద వెలుగు ఎటునుంచి పడితే బాగుంటుందో ఆ కడగడంలోనే ఆమెకు తెలిసింది. అందుకని 2003లో పోశం కళ్ళు మసకబారడం మొదలైనప్పుడు, మహారాష్ట్ర కొసన ఉన్న సిరొంచలో బస్టాండు దగ్గరి వాళ్ళ స్టూడియో మూతపడలేదు.

పోశంకు షుగర్ ఉంది. చంద్రపూర్ డాక్టరు కంటి వెనక నరాలు చితికిపోయాయని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. రెండేళ్ళు తిరిగేసరికి గుమ్మంలో వెలుతురు ఉందో లేదో, ఎదురుగా మనిషి నిలబడ్డాడో లేదో, అంతవరకే తెలిసేది. ముఖాలు కనబడేవి కావు. గోదావరి ఒడ్డు వరి రైతుల పెళ్ళిళ్ళకూ, అడవి ఊళ్ళ బడులకూ సైకిల్ మీద తిరిగి వేల ముఖాలు తీసిన మనిషి, పెళ్ళాం ముఖం కూడా చూడలేని స్థితికి వచ్చాడు.

అయినా ఇంట్లో కూర్చోలేదు. కెమెరా సారక్కకు ఇచ్చేశాడు గానీ ఫ్లాష్ తన దగ్గరే పెట్టుకున్నాడు. అది 1986లో నాగపూర్ నుంచి తెచ్చిన పెద్ద తలకాయ ఫ్లాష్. నాలుగు సెల్లులు వేస్తే సన్నగా ఈల వేస్తూ కరెంటు నింపుకునేది. దాని వెనక ఉన్న చక్రాన్ని ఎన్ని టిక్కులు తిప్పాలో పోశం వేళ్ళకు తెలుసు. ఫోటో దిగేవాళ్ళ దగ్గర నుంచి కెమెరా దాకా అడుగులు లెక్కబెట్టుకుంటూ నడిచి వచ్చి, "తొమ్మిది అడుగులు. ఎనిమిది నంబరు పెట్టు" అనేవాడు. సారక్క లెన్సు మీద ఆ నంబరు పెట్టేది. ఆయన ఫ్లాష్ ఈలను చెవితో విని, అది సన్నబడి ఆగిపోగానే, "ఇగ కొట్టు" అనేవాడు. ఆమె నొక్కేది. అట్లా ఇద్దరూ కలిసి ఒక ఫోటోగ్రాఫర్ అయ్యారు. పెళ్ళిళ్ళలో జనం పెళ్ళికొడుకును వదిలి ఈయన్నే చూసేవాళ్ళు. ఆ చూపులు ఆయనకు కనబడేవి కావు గానీ, చుట్టూ పడే నిశ్శబ్దం వినబడేది. దానికి ఆయన గొంతు గట్టిపడేది, వెన్ను నిటారయ్యేది. సారక్క అది గమనించింది.

2006 జనవరిలో సారక్క డిజిటల్ కెమెరా కొన్నది. పెళ్ళివాళ్ళు అప్పటికప్పుడే ఫోటో చూపించమని అడుగుతున్నారు. మంచిర్యాల ల్యాబులో రంగు రీళ్ళు కడగడం తగ్గిపోయింది. ఆమె పడవలో ప్రాణహిత దాటి మంచిర్యాల పోయి, ఇంట్లో ఉన్న రెండు పాత కెమెరాలూ ఇచ్చేసి, ఒకరు ఏడాది వాడిన డిజిటల్ కెమెరా తీసుకున్నది. ల్యాబు నడిపే వినయ్‌కుమార్ దాన్ని ఎట్లా వాడాలో చూపించి, సంచిలో పెట్టబోతూ ఆగాడు.

"అక్కా, ఇంట్ల పాత ఫ్లాష్ ఉన్నదా?"

"ఉన్నది. మా ఆయనది."

"దాన్ని దీని నెత్తి మీద పెట్టకు."

"పెడితే ఏమైతది?"

"పాత కెమెరాలల్ల రెండు రేకులు ఒకదానికొకటి తాకుతయ్, ఫ్లాష్ కొడ్తది. వాటికెంత కరెంటొచ్చినా ఏం గాదు. దీంట్ల రేకులు లెవ్వు, సూది మొనంత పుర్జ ఉంటది. ఐదారు ఓల్టుల కంటె ఎక్కువ తట్టుకోదు. కొన్ని పాత ఫ్లాష్‌లు రెండొందలు, మూడొందలు గూడ ఇస్తయ్. తీస్కరా, మీటర్ పెట్టి చూద్దాం."

సారక్క సరేనన్నది. తిరుగు పడవలో కెమెరా సంచిని ఒళ్ళో పెట్టుకుని, ఈ మాట ఇంట్లో ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చింది.

స్టూడియో గుమ్మంలో పోశం కూర్చుని ఉన్నాడు. ఫ్లాష్‌ను బట్టతో తుడిచి, కొత్త సెల్లులు వేసి పెట్టుకున్నాడు. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి చెయ్యి చాపాడు.

"ఏదీ, తే ఇటు."

కెమెరాను రెండు చేతులా తడిమాడు. తేలికగా ఉందని పెదవి విరిచాడు. నెత్తి మీద ఫ్లాష్ బిగించే గాడి ఎక్కడుందో బొటనవేలితో వెతికి, ఫ్లాష్‌ను అందులోకి తోశాడు. "కొట్టు" అన్నాడు. సారక్క క్షణం తటపటాయించి నొక్కింది. గది తెల్లగా మెరిసింది. వెనక తెర మీద ఫోటో చక్కగా పడింది.

"చూసినవా? ఇరవై ఏండ్ల కిందిది, ఎట్ల కొట్టిందో!" అన్నాడు. సంవత్సరం తర్వాత ఆయన ముఖంలో అంత సంతోషం.

సారక్క ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పలేదు. ఏమీ కాకుండా గడిచిన ప్రతి రోజూ చెప్పడం ఇంకొంచెం కష్టమయ్యింది. వినయ్‌కుమార్ 'కొన్ని' అన్నాడు గదా, మాది ఆ కొన్నింటిలో కాదేమో అనుకున్నది. మార్చిలో ఒక పెళ్ళిలో ఎవరూ నొక్కకుండానే ఫ్లాష్ దానంతట అదే రెండుసార్లు మెరిసింది. ఆమె సెల్లులు మార్చి, ఆ సంగతి మరిచిపోవాలని చూసింది.

ఏప్రిల్‌లో పంచాయతీ పనులు చూసే గ్రామసేవక్ నరేష్ స్టూడియోకి వచ్చాడు. అడిగినవాళ్ళకు ఊళ్ళోనే కూలి పని ఇవ్వాలనే చట్టం కొత్తగా వచ్చింది. రోజ్‌గార్ హమీ కార్డు మీద ఇంటిల్లిపాది కలిసి దిగిన ఫోటో ఉండాలి. జింగనూర్, దాని చుట్టూ ఉన్న గూడేలు కలిపి నూట పదిహేను ఇళ్ళు. సోమవారం చెరువు పూడిక తీసే పని మొదలవుతుంది. ఆ లోపల ఫోటోలు కావాలి. మిగతా ఫోటోగ్రాఫర్లందరూ వేరే ఊళ్ళకు పోయారు.

పోశం ఎగిరి గంతేసినంత పని చేశాడు. చూపు ఉన్నప్పుడు జింగనూర్ దారి ఆయనకు సొంత వాకిలి.

బడిలో ఒక గది ఇచ్చారు. బయట ఎండకు ఎవరూ కళ్ళు తెరవలేకపోతున్నారు. నుదుటి కింద నీడ పడి ముఖాలు నల్లగా వస్తున్నాయి. గదిలో చల్లగా ఉంది గానీ చీకటి. ఫ్లాష్ తప్పదు. మొదటి రోజు సాయంత్రానికి యాభై ఇళ్ళు అయ్యాయి. రెండో రోజు మధ్యాహ్నానికి డెబ్బై రెండు. పోశం అడుగులు లెక్కబెట్టి లెక్కబెట్టి అలిసినా కూర్చోనన్నాడు.

డెబ్బై మూడో ఇల్లు సోనుబాయిది. వాగు అవతలి గూడెం. తెల్లవారకముందే బయల్దేరి మూడు కోసులు నడిచి వచ్చారు. సోనుబాయి, ఆమె కొడుకు ఈశ్వర్, కోడలు రూప. రూపకు ఎనిమిదో నెల. కాళ్ళు వాచి ఉన్నాయి. ఈశ్వర్ బడి బోరింగు దగ్గర తల తడుపుకుని దువ్వుకున్నాడు. సోనుబాయి కొంగులో మూట కట్టి తెచ్చిన ఉతికిన చీరను గది మూలకు పోయి కట్టుకుని వచ్చింది.

పోశం నడిచి వచ్చాడు. "పది అడుగులు." ఫ్లాష్ ఈల ఆగింది. "కొట్టు."

గది మెరిసింది. ఆ మెరుపుతోపాటు కెమెరా లోపల చిన్నగా టప్‌మన్నది. వెనక తెర ఆరిపోయింది. సారక్క మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు. బ్యాటరీ తీసి వేసింది. తుడిచి వేసింది. కెమెరా చచ్చిన పిట్టలా చేతిలో ఉండిపోయింది.

"మా ఫోటో పడ్డదా?" అన్నది సోనుబాయి.

"పడలేదవ్వా."

"వెలుగొచ్చింది గద?"

వెలుగు వచ్చిన మాట నిజమే.

నరేష్ పరేషాన్ అయిపోయాడు. సోనుబాయి ఇంటితో కలిపి ఇంకా నలభై మూడు ఇళ్ళు మిగిలాయి, జనం వరండాలో కూర్చుని ఉన్నారు. "ఫోటో నాయి తర్ కార్డ్ నాయి" అని మరాఠీలో తనలో తానే అనుకుని, వాళ్ళ వైపు తిరిగి, "ఫోటో లేకుంటె కార్డు ఇయ్యరాదు. నేనేం చెయ్యాలె?" అన్నాడు.

జనం ఒక్కొక్కరే లేచిపోయారు. సోనుబాయి ఇంటివాళ్ళు మాత్రం పొద్దు వాలేదాకా ఉన్నారు, రూప నడవలేక. వెళ్ళే ముందు ఈశ్వర్ సారక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, కార్డున్నోళ్ళ పేర్లే రాస్తరట చెరువు పనికి. ఊళ్ళె పనుంటె నేను ఈడనే ఉంట. దీనికి నెల దగ్గరవడ్డది. లేకుంటె బోర్లేసే బండి మీద కూలికి పోవాలె. నిన్ననే మేస్త్రి వచ్చి అడిగిపోయిండు."

"వారంల వస్తా తమ్మీ. కెమెరా మంచిగ చేయించుకుని వారంల వస్తా" అన్నది సారక్క. ఎట్లా వస్తుందో ఆమెకే తెలియదు. పాత కెమెరాలు ఇంట్లో లేవు. ఆ క్షణం ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయింది.

తిరుగుదారిలో ట్రాక్టరు కుదుపులకు ఊగుతూ పోశం కెమెరాను తిట్టాడు. "ప్లాస్టిక్ డబ్బ. బొమ్మ కెమెరా. మన పాతదైతె బండ మీద పడ్డా నడిచేది. నేను అప్పుడే అన్న." సారక్క తల వంచుకుని విన్నది. ప్రతి తిట్టూ కెమెరాకు గాక తనకే తగులుతున్నట్టు ఉంది.

మంచిర్యాలకు పంపేముందు అహేరిలో జంగుకు ఒకసారి చూపిద్దామని పోశం పట్టుబట్టాడు. జంగుది పెర్మిలి. గోండు కుటుంబంలో పుట్టి, అహేరి బజారులో రేడియోలు, టీవీలు బాగుచేసుకుని బతుకుతున్నాడు. పోశం ఫ్లాష్‌ను మూడుసార్లు బతికించినవాడు. ఆయన మాట అంటే పోశంకు గురి.

జంగు కెమెరాను విప్పలేదు. అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, "ఫ్లాష్ ఇటియ్యి అన్నా" అన్నాడు. సెల్లులు వేసి నిండనిచ్చాడు. కెమెరా గాడిలో దూరే దాని కాలికి రెండు చోట్లా మీటరు తీగలు ఆనించాడు. ముల్లు చివరిదాకా పోయింది.

"రెండు వందల నలభై."

"అంటె?" అన్నాడు పోశం.

"గీ కొత్త కెమెరాలు ఆరు ఓల్టులు తట్టుకుంటయన్నా. నీ ఫ్లాష్ కొట్టిన ప్రతిసారి రెండొందల నలభై దాని లోపటికి పోయింది. ఇన్ని దినాలు ఆగుడే ఎక్కువ. కెమెరాది తప్పు లేదు. ఫ్లాషే దాన్ని కాల్చింది." ఒక క్షణం ఆగి అడిగాడు, "కొన్ననాడు ఎవ్వలు చెప్పలేదా?"

"ఎవ్వలు చెప్పలె" అన్నాడు పోశం.

విషయం అక్కడితో ఆగిపోయేది. పోశం గొంతులో అనుమానం లేదు, జంగు మళ్ళీ అడగలేదు. సారక్క కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"చెప్పిండు. వినయ్‌కుమార్ చెప్పిండు, నాకు."

పోశం ఆమె గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"ఎప్పుడు?"

"కొన్ననాడే."

"మూడు నెలల సంది నీకెర్కే?"

"ఎర్కే."

"మరి నాకెందుకు చెప్పలె?"

"అది తీసేస్తె నీకేం పని ఉంటదని చెప్పలె."

జంగు చాయ్ తెస్తానని లేచి బయటికి పోయాడు.

పోశం ఫ్లాష్‌ను తొడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు. "ఊరోళ్ళు నన్ను చిన్నపిల్లని లెక్క చేతులు వట్టుకుని నడిపిస్తరు. సరే. నువ్వు గూడ ఆట బొమ్మ చేతికిచ్చి కూసోవెట్టినవా? నాకు చెప్తె ఇనకపోదునా?"

"ఇనకపోదువు" అన్నది సారక్క.

అది నిజమని ఆయనకూ తెలుసు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. ఇంటికి రాగానే ఫ్లాష్‌ను ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి మూత వేశాడు. మర్నాటి నుంచి స్టూడియోకి రావడం మానేశాడు.

కెమెరా మంచిర్యాల పోయింది. పుర్జ నాగపూర్ నుంచి రావాలన్నాడు వినయ్‌కుమార్. వారం పోయింది. రెండు వారాలు పోయాయి. జింగనూర్‌కు ఏమని కబురు పంపాలో తెలియక సారక్క ఏ కబురూ పంపలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ గడిపింది. మే చివర్లో కెమెరా వచ్చింది. లోపలి పలక మార్చారు. నెత్తి మీది గాడి మాత్రం ఇక పనిచేయదు. కెమెరాలోంచి పైకి లేచే చిన్న ఫ్లాష్ ఒక్కటే దిక్కు. అది ముందు వరసవాళ్ళకు సరిపోతుంది, వెనక నిలబడ్డవాళ్ళు మసిబొగ్గుల్లా వస్తారు.

అప్పుడే తహసీల్ ఆఫీసు మెట్ల మీద నరేష్ కనబడ్డాడు. చెరువు పని నెల నుంచి నడుస్తున్నదని చెప్పాడు. కార్డులు లేని నలభై మూడు ఇళ్ళలో కొందరు బీడీల తునికాకు కోసుకుని బతికారు, కొందరు ఊరు విడిచిపోయారు. ఈశ్వర్ బోరు బండి ఎక్కి గోదావరి అవతలికి పోయాడు. ఏ జిల్లాలో ఉన్నాడో ఇంట్లోవాళ్ళకు తెలియదు. వాడు పోయిన పన్నెండో రోజున రూప కన్నది. మగపిల్లవాడు.

సారక్క ఇంటికి వచ్చి మంచం అంచున కూర్చున్నది. పోశం గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. విన్నదంతా చెప్పింది. ఈశ్వర్‌కు వారంలో వస్తానని తాను మాట ఇచ్చిన సంగతి కూడా చెప్పింది. ఆ మాట ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఈసారి ఏదీ దాచలేదు, తగ్గించి చెప్పలేదు.

పోశం ఇటు తిరిగాడు.

"ఎన్ని ఇండ్లు మిగిలినయ్?"

"నలభై మూడు."

"చిన్న ఫ్లాష్‌తోని అయితదా?"

"కాదు. అందరు ఆ బడి గదిలనే నిలవడాలె. వెనుకోళ్ళు పడరు."

ఆయన లేచి కూర్చున్నాడు. "జంగుకు ఫోన్ చెయ్. కెమెరాకు తాకకుండ నా ఫ్లాష్ కొట్టేటట్టు ఏమన్న ఉపాయం ఉన్నదా అడుగు."

ఉంది. జంగు రెండు రోజుల తర్వాత వచ్చాడు. అగ్గిపెట్టెంత డబ్బాలో ఒక గాజు కన్ను బిగించి తెచ్చాడు. ఆ కన్ను ఎదుటి వెలుగును చూడగానే తనకు తగిలించిన ఫ్లాష్‌ను కొట్టిస్తుంది. కెమెరాలోని చిన్న ఫ్లాష్ మెరిస్తే, దాన్ని చూసి దూరంగా ఉన్న పెద్ద ఫ్లాష్ మెరుస్తుంది. మధ్యలో తీగ లేదు. కాలిపోయే భయం లేదు.

స్టూడియోలో జంగును కూర్చోబెట్టి సారక్క నొక్కింది. రెండు ఫ్లాష్‌లూ మెరిశాయి. తెర మీద చూస్తే ఫోటో మసక. పెద్ద ఫ్లాష్ వెలుగు ఎక్కడా పడలేదు. మళ్ళీ కొట్టింది. అదే మసక. జంగు కన్ను విప్పి మళ్ళీ బిగించాడు. పెద్ద ఫ్లాష్ మెరవడం ఇద్దరికీ కళ్ళారా కనబడుతున్నది. ఆ వెలుగు ఫోటోలోకి మాత్రం రావడం లేదు. వెలుగొచ్చింది గదా అని సోనుబాయి అన్న మాట సారక్క చెవుల్లో గిర్రున తిరిగింది.

పదోసారికి జంగు చేతులెత్తేశాడు. "నాకు సమజ్ అయితలేదు వదినా."

"ఇంకొక్కసారి కొట్టు" అన్నాడు పోశం. తల పక్కకు వంచి చెవి రిక్కించాడు. సారక్క కొట్టింది. "ఇంకోసారి." కొట్టింది.

"మీకు ఇనవడ్తలేదా?" అన్నాడు. "నా ఫ్లాష్ ముందుగాల కొడ్తంది. షట్టర్ దాని ఎనుక పడ్తంది. వెంట్రుకంత తేడ. నా ఫ్లాష్ అయిపోయినంక ఫోటో తీస్తంది నీ కెమెరా."

సారక్క వినయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. ఆయన అవతలి నుంచి నవ్వాడు. కొత్త కెమెరాలు అసలు మెరుపుకు ముందు, వెలుగు ఎంత కావాలో కొలుచుకోవడానికి చిన్న మెరుపు ఒకటి మెరుస్తాయట. పోశం ఫ్లాష్ ఆ దొంగ మెరుపును చూసి ముందే కొట్టేస్తున్నది. కొలత మాని, వెలుగు ఎంతో మనమే చెప్పే పద్ధతిలో పెడితే మొదటి మెరుపు ఉండదు. ఎక్కడ నొక్కాలో చెప్పాడు. సారక్క అట్లాగే పెట్టి కొట్టింది.

ఫోటో పడింది. జంగు ముఖం, వెనక గోడ, గోడకు తగిలించిన తెర మడతలు, అన్నీ.

"ఎట్లొచ్చింది?" అన్నాడు పోశం.

పాత సారక్క అయితే బ్రహ్మాండంగా వచ్చిందనేది. "ముఖం మంచిగొచ్చింది. కుడి చెంప మీద జర ఎక్కువ పడ్డది. ముక్కు నీడ గోడ మీద పొడుగ్గ ఉన్నది."

పోశం ఒక అడుగు వెనక్కి వేసి, ఫ్లాష్‌ను కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. "ఇప్పుడు కొట్టు."

జూన్ రెండో వారంలో జింగనూర్ పోయారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. రేపో మాపో వాన పడితే దారి ఉండదు. నలభై మూడు ఇళ్ళలో ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఐదిళ్ళకు తాళాలు ఉన్నాయని నరేష్ చెప్పాడు.

ఈసారి పోశం కెమెరాకు ఆరడుగులు పక్కగా, విడిగా నిలబడ్డాడు. కొలతలు ఆయనే చెప్పాడు. వచ్చిన ఫోటో ఎట్లా ఉందో సారక్క ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అందుకు తగ్గట్టు జరిగాడు.

సోనుబాయి చివర్లో వచ్చింది. చంకలో మనవడు. పక్కన రూప, బాలింత, పాలిపోయి ఉంది. సారక్క ఎదురుపోయింది.

"అవ్వా, తప్పు నాది. కెమెరా కాలుతదని నాకు ముందే ఎర్క. తెలిసి గూడ తెచ్చిన."

సోనుబాయికి కెమెరా సంగతి పట్టలేదు. చేతిలోది ఏదైనా ఒకనాడు చెడిపోతుంది, అది ఆమెకు వింత కాదు.

"నువ్వు వారంల వస్తనన్నవ్" అన్నది. "నా కొడుకు వారమంత ఉన్నడు. మేస్త్రిని రెండుసార్లు వాపస్ పంపిండు. ఫోటో అక్క వస్తదన్నడు. ఎనిమిదో దినం దాక చూసి పోయిండు. రాను అని ఒక్క కబురు పంపితె, పోయేటోడు ముందే పోయి, కాన్పు యాళ్ళకు తిరిగొస్తుండె."

ఆ మాటలో తిట్టు లేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు చెప్పింది. అట్లా చెప్పడమే సారక్కకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. క్షమించమని అడగడానికి కూడా సందు దొరకలేదు.

ఫోటోకు నిలబడ్డారు. సోనుబాయి ఎడమ పక్కన, బిడ్డను ఎత్తుకున్న రూప కుడి పక్కన. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ.

"దగ్గరికి జరుగుండ్రి" అన్నాడు నరేష్.

"అది వాని జాగ" అన్నది సోనుబాయి. కదలలేదు.

"కార్డు మీద ఉన్నోళ్ళే పడాలె బాయీ. ఖాళీ ఎందుకు?"

"ఉండనియ్ సార్" అన్నాడు పోశం. ఖాళీ ఎంత ఉందో సారక్కను అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన అడుగులు లెక్కబెట్టుకుని, వెలుగు ఇద్దరి మీదా సమంగా పడేచోట నిలబడి, ఫ్లాష్ ఎత్తాడు.

నరేష్ ఆ ఫోటోనే కార్డు మీద అంటించాడు.

కార్డులు చేతికి వచ్చేసరికి జూలై. అప్పటికి వానలకు చెరువు పని ఆగిపోయింది. ఆ ఏడు సోనుబాయి ఇంటికి ఆ కార్డు వల్ల ఒక్క రోజు పని కూడా దొరకలేదు. మరుసటి ఎండాకాలం దొరికింది.

ఈశ్వర్ దీపావళి వెళ్ళాక తిరిగి వచ్చాడు. ఒక అంగడి రోజు పెళ్ళాం పిల్లవాడితో సిరొంచ వచ్చి, స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు. చిక్కిపోయి, బోరు బురద మరకలు పోని చొక్కాతో, మొదట సారక్క గుర్తుపట్టలేదు. ఆరు నెలల బిడ్డ తండ్రి చేతుల్లోకి పోనని ఏడుస్తున్నాడు. ముగ్గురికీ ఫోటో తీస్తానని సారక్క కుర్చీ వేసింది.

"ఇప్పుడొద్దక్కా. వీడు నన్ను గుర్తువట్టినంక వస్తం" అన్నాడు ఈశ్వర్. కోపంగా అనలేదు. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారో లేదో గుర్తు లేదంటుంది సారక్క. అది నిజమనిపించదు. వచ్చి ఉంటే ఆమె మరిచిపోదు.

రెండేళ్ళు ఆ గాజు కన్నుతో పని నడిచింది. పెళ్ళిళ్ళలో పోశం కెమెరాకు దూరంగా, జనం మధ్యలో నిలబడి ఫ్లాష్ ఎత్తేవాడు. ఒక్కోసారి ఎవరో తగిలితే వెలుగు పక్కకు పోయేది, సారక్క అరిచి చెప్పేది, ఆయన తిరిగి అరిచేవాడు. 2008 వానాకాలంలో ఫ్లాష్ లోపలి కండెన్సర్ ఉబ్బి పగిలింది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా దొరకదని జంగు అన్నాడు. ఆ సరికి పోశంకు గుమ్మం వెలుతురు కూడా తెలియడం లేదు.

సారక్క కొత్త ఫ్లాష్ తెచ్చుకున్నది. అడుగుల లెక్క, నంబర్ల లెక్క అదే చూసుకుంటుంది. దాన్ని పోశం ఒకసారి తడిమి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"ఇగ నా పని అయిపోయినట్టే" అన్నాడు.

కాదని అనడానికి సారక్కకు నోరు వచ్చింది. ఆపుకున్నది.

"ఫ్లాష్ పని అయిపోయింది" అన్నది. "వచ్చినోళ్ళు కెమెరాను చూసి బిగుసుకపోతరు. ముందర కూసోని వాళ్ళతోని మాట్లాడు. నేను తీసుకుంట."

మరునాడు పొద్దున ఆమె స్టూడియో షట్టరు ఎత్తేసరికి, పోశం గోడ పట్టుకుని తానే నడిచి వచ్చి, ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ కోసం చేత్తో వెతుకుతున్నాడు. ఆమె సాయం పట్టలేదు. బెంచీ దొరికేదాకా చూసి, లోపలికి పోయి తెర దులుపుకున్నది.